ప్రొజెక్టర్‌లో బొమ్మ వెలిసిపోతోంది, మాటలు అర్థం కావట్లేదు: మెనూలో ఏ అంకెలు పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పగలు క్లాసులకి, రాత్రి సినిమాలకి ఒకే ప్రొజెక్టర్ వాడుతున్నారు. బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తోంది, పైగా ఒక పక్క మసకగా ఉంది. పాటలు గట్టిగానే వినిపిస్తున్నాయి గానీ సంభాషణలు అందట్లేదు. బ్లూటూత్ స్పీకర్ పెడితే పెదాల కదలికకీ మాటకీ పొంతన కుదరట్లేదు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, కలర్, షార్ప్‌నెస్ ఎంతెంత పెట్టాలో అంకెలు చెప్పమన్నారు.

సూటిగా చెప్తున్నాను. మీరు చెప్పిన ఇబ్బందుల్లో ఏ ఒక్కటీ ఆ అంకెలతో పోయేది కాదు. వెలిసిపోవడానికి కారణం గది వెలుతురు, లేదా కేబుల్‌లో వచ్చే సిగ్నల్. ఒక పక్క మసకకి కారణం ప్రొజెక్టర్ పెట్టిన తీరు. మాటలు అందకపోవడానికి కారణం లాప్‌టాప్ సౌండ్ ఎన్ని ఛానెళ్లుగా పంపుతోందన్నది. పెదాలకి మాట కలవకపోవడానికి కారణం బ్లూటూత్. ఇవి సరిచేశాక మెనూలోకి వెళ్తే మీకు అక్కడ పది నిమిషాల పని మాత్రమే ఉంటుంది.

హాళ్లలో, తరగతి గదుల్లో, ఇళ్లలో ప్రొజెక్టర్లు బిగించి, సరిచేసి అప్పగించడం నా వృత్తి. నన్ను పిలిచిన చోట మెనూ తెరిచి చూస్తే చాలాసార్లు బ్రైట్‌నెస్, కలర్, షార్ప్‌నెస్ అన్నీ చివరిదాకా తోసి ఉంటాయి. పాపం వాళ్లు బొమ్మ బాగుపడుతుందనే తోశారు. కానీ ప్రొజెక్టర్‌లో ల్యాంపు ఇచ్చే వెలుగు ఎంతో, లోపల బొమ్మని తయారుచేసే ప్యానెల్‌లో ఉన్న పిక్సెళ్లు ఎన్నో ముందే ఖాయమై ఉంటాయి. మెనూ వాటికి కొత్తగా ఏమీ కలపలేదు. ఒకచోట పెంచితే ఇంకోచోట కోత పడుతుంది. అందుకే నేను పాటించే వరస ఇది: ముందు ప్రొజెక్టర్ స్థానం, తర్వాత లెన్సు, ఆపైన గది వెలుతురు, ఆపైన సిగ్నల్, అన్నిటికంటే చివర మెనూ. మీరూ ఇదే వరసలో రండి.

స్థానం, కీస్టోన్

ముందు కీస్టోన్ (వంకరగా పడిన బొమ్మ ఆకారాన్ని మెనూతో చక్కదిద్దే సెట్టింగ్) సున్నాకి తెచ్చేయండి. ఆటో కీస్టోన్ ఉంటే ఆఫ్ చేయండి. ఇప్పుడు కనిపించేదే మీ ప్రొజెక్టర్ అసలు బొమ్మ. పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉందంటే ముందు కాలు ఎత్తి పెట్టారన్నమాట. ఎడమ అంచు ఎత్తుగా, కుడి అంచు పొట్టిగా ఉందంటే తెరకి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి ఉంది.

వీలైనంత మేరకు దాన్ని మెనూతో కాకుండా చేత్తో సరిచేయండి. కీస్టోన్ చేసే పని ఏమిటంటే, వంకరగా పడిన బొమ్మ లోపల ఒక చక్కని దీర్ఘచతురస్రాన్ని ఏరుకుని, మిగతా పిక్సెళ్లని చీకటి చేసేయడం. ప్యానెల్ 1920 × 1080 అయినా మీకు దక్కేది అంతకంటే తక్కువ. పైగా లాప్‌టాప్ నుంచి వచ్చే ఒక పిక్సెల్ ఇక్కడి ఒక పిక్సెల్ మీద కూర్చోదు, రెండింటి మధ్య పడుతుంది. తెర దగ్గరికి వెళ్లి ఎక్సెల్ షీట్ గళ్లు చూడండి. ఒక గీత సన్నగా, పక్క గీత లావుగా, కొంచెం దూరం పోయాక మళ్లీ సన్నగా కనిపిస్తుంది. అక్షరాల్లో కూడా ఇదే జరుగుతుంది. తెలుగు లిపిలో సన్నటి ఒంపులు, ఒత్తులు ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా బాగా తెలుస్తుంది. రాత్రిపూట దీపాలన్నీ ఆర్పితే బొమ్మ చుట్టూ ఒక బూడిదరంగు అంచు కూడా కనబడుతుంది. కీస్టోన్ ఆర్పేసిన పిక్సెళ్లే అవి. పూర్తిగా ఆరవు, కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది.

మరి ఎత్తు ఎంత ఉండాలి? టేబుల్ మీద పెట్టే చాలా మోడళ్లలో లెన్సు బొమ్మని కొంచెం పైకి వేసేలా తయారుచేస్తారు. అంటే లెన్సు సుమారుగా తెర కింది అంచు ఎత్తులో ఉంటే చాలు. సీలింగ్‌కి తలకిందులుగా బిగిస్తే పై అంచు ఎత్తులో ఉండాలి. కొన్ని చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్లకి మాత్రం లెన్సు తెర మధ్యకి ఎదురుగా ఉండాలి. మాన్యువల్‌లో ఈ ఎత్తు చూపే పటం మామూలుగా ఉంటుంది, చూసి పెట్టండి. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడల్ అయితే మీ అదృష్టం. అది లెన్సునే జరుపుతుంది కాబట్టి పిక్సెళ్లు పోవు, ధైర్యంగా వాడుకోవచ్చు.

దూరానికి లెక్క తేలిక. మాన్యువల్‌లో త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. తెర వెడల్పుని దానితో గుణిస్తే దూరం వస్తుంది. 100 అంగుళాల 16:9 తెర వెడల్పు సుమారు 2.21 మీటర్లు. త్రో రేషియో 1.2 అయితే లెన్సు నుంచి తెరకి 2.65 మీటర్లు కావాలి.

పెట్టడం అయ్యాక కంటితో చూసి సరిపెట్టుకోకండి, టేపు తీసుకోండి. బొమ్మ రెండు కర్ణాలూ కొలవండి, ఎదురెదురు అంచులూ కొలవండి. కర్ణాలు సమానంగా, పై అంచు కింది అంచు సమానంగా, ఎడమ కుడి సమానంగా వస్తే మీ ప్రొజెక్టర్ నిటారుగా చూస్తున్నట్టే. ఎంత ప్రయత్నించినా కొంచెం తేడా మిగిలితే, అప్పుడు ఆ మిగిలిన కాస్తకి కీస్టోన్ వాడండి. నేను కీస్టోన్‌కి విరోధిని కాను. ఫ్యాను అడ్డొచ్చి, దూలం అడ్డొచ్చి వేరే దారి లేని గదులుంటాయి. అక్కడ అదే దిక్కు. సుఖంగా తప్పించుకోగలిగిన చోట కూడా వాడటమే నాకు నచ్చదు.

ఫోకస్

ఆన్ చేసిన వెంటనే ఫోకస్ చేయకండి. లెన్సు, లోపలి భాగాలు వేడెక్కే కొద్దీ ఫోకస్ కొంచెం జరుగుతుంది. ఇరవై నిమిషాలు నడవనిచ్చి అప్పుడు చేయండి. సినిమా బొమ్మ మీద చేయకండి, నల్లటి స్లైడు మీద తెల్లటి చిన్న అక్షరాలు మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి టైప్ చేసుకోండి. ఒకరు తెర దగ్గర నిలబడి చెప్తుంటే ఇంకొకరు రింగు తిప్పితే తొందరగా తెములుతుంది.

మధ్యలో బాగుండి ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే ప్రొజెక్టర్ ఆ పక్కకి వంకరగా ఉందని అర్థం. మీ ఇబ్బంది ఇదే అనుకుంటున్నాను. కీస్టోన్ ఆకారాన్ని సరిచేస్తుందే తప్ప దూరాన్ని సరిచేయలేదు. ఆ అంచు లెన్సుకి దూరంగా ఉన్నంతకాలం మసకగానే ఉంటుంది. అలా కాక నాలుగు మూలలూ ఒకేలా మసకగా ఉంటే అది లెన్సు పరిమితి. చవక మోడళ్లలో ఇది మామూలే. అప్పుడు మధ్యభాగం అతి పదునుగా ఉండాలని పట్టుబట్టకుండా, మధ్యకీ మూలకీ నడుమ ఉన్న చోట ఫోకస్ చేయండి. తెరంతా చదవదగ్గట్టుగా ఉంటుంది.

తెరంతా పొగమంచు పట్టినట్టు ఉంటే మాత్రం లెన్సు మీద వేలిముద్రో దుమ్మో ఉందేమో చూడండి. ప్రొజెక్టర్ ఆఫ్‌లో చల్లబడ్డాక, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవాలి. చొక్కా కొసతో తుడవకండి, పూత గీసుకుపోతుంది.

గది వెలుతురు

వెలిసిపోయిన బొమ్మకి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం. అందుకే ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను. ప్రొజెక్టర్ నలుపుని వేయలేదు. వెలుగుని మాత్రమే వేయగలదు. తెర మీద నలుపు అని మీరు అనుకునేది ప్రొజెక్టర్ వెలుగు వేయని చోటు, అంతే. గదిలో దీపం వెలుగుతుంటే ఆ చోట దీపం వెలుతురు పడి బూడిదరంగుగా కనిపిస్తుంది. మెనూలో ఏం చేసినా అంతకంటే నల్లగా కాదు.

3000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత) ప్రొజెక్టర్‌తో 100 అంగుళాల బొమ్మ వేశారనుకుందాం. ఆ తెర వైశాల్యం సుమారు 2.76 చదరపు మీటర్లు. అంటే తెర మీద దాదాపు 1080 లక్స్ (చదరపు మీటరుకి ఇన్ని ల్యూమెన్లు అని) పడుతుంది. గది దీపాల నుంచి తెర మీద 300 లక్స్ పడుతోందనుకోండి. తెల్లటి చోట 1380, నల్లటి చోట 300. తెలుపు నలుపు కంటే నాలుగున్నర రెట్లే ఎక్కువ. పెట్టె మీద కాంట్రాస్ట్ లక్ష అని రాసి ఉన్నా మీకు దక్కేది ఈ నాలుగున్నరే. ఇప్పుడు తెర ముందున్న వరస దీపాలు మాత్రం ఆర్పి, తెర మీద పడే వెలుతురుని 30 లక్స్‌కి దించండి. తెలుపు 1110, నలుపు 30. ముప్పై ఏడు రెట్లు! మెనూ ముట్టుకోకుండానే బొమ్మ మారిపోయింది.

ఒక శిక్షణ హాల్లో సరిగ్గా ఇదే జరిగింది. కొత్త ప్రొజెక్టర్ కొనాలా అని అడగడానికి పిలిచారు. తెర నెత్తిన ఒక ట్యూబ్‌లైటు నేరుగా తెర మీదకే కొడుతోంది. దానికి వేరే స్విచ్ పెట్టించి, పక్క కిటికీకి మందపాటి తెర వేయిస్తే సరిపోయింది. వెనక వరస దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పిల్లలు నోట్సు రాసుకోవడానికి ఇబ్బంది లేదు. గదంతా చీకటి చేయక్కర్లేదండీ. తెర మీద పడే వెలుతురుని ఆపితే చాలు.

బొమ్మ సైజు సంగతి కూడా మరిచిపోకండి. అదే ప్రొజెక్టర్‌ని 150 అంగుళాలకి సాగదీస్తే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది, వెలుగు సగానికంటే తక్కువకి పడిపోతుంది. పగటి క్లాసుకి 90 లేక 100 అంగుళాలకి కుదించి, రాత్రి సినిమాకి పెద్దది చేసుకోవడం మంచి పద్ధతి. పెట్టె మీద వేలకి వేలు ల్యూమెన్లు రాసి, పక్కన ఆన్సీ అనో ఐఎస్ఓ అనో (వెలుగు కొలిచే ప్రామాణిక పద్ధతుల పేర్లు) లేకపోతే ఆ అంకెని నమ్మి లెక్క వేయకండి.

సిగ్నల్

దీపాలన్నీ ఆర్పాక కూడా వెలిసిపోయినట్టే ఉంటే అప్పుడు సిగ్నల్‌ని అనుమానించాలి. కంప్యూటర్ నలుపుని 0 అనీ, తెలుపుని 255 అనీ పంపుతుంది. వీడియో పరికరాలు నలుపుని 16 అనీ, తెలుపుని 235 అనీ పంపుతాయి. పంపేవాడు ఒక పద్ధతిలో, అందుకునేవాడు ఇంకో పద్ధతిలో ఉంటే గోల మొదలవుతుంది. 16 వస్తే దాన్ని నలుపు అని గుర్తించక ముదురు బూడిద అనుకుంటుంది ప్రొజెక్టర్. తెలుపు కూడా మాసినట్టు ఉంటుంది. తెరంతా పలచగా అయిపోతుంది. తిరగబడితే ఇంకో రకం: నల్లటి జుట్టు, నల్లటి కోటు, వెనక చీకటి అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి.

ప్రొజెక్టర్ మెనూలో హెచ్‌డీఎంఐ రేంజ్ అనో, వీడియో రేంజ్ అనో, బ్లాక్ లెవెల్ అనో పేరుతో ఇది ఉంటుంది. ఆటో నమ్మకంగా పనిచేయకపోతే ఫుల్, లిమిటెడ్ రెండూ మార్చి చూడండి. లాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోనూ ఇదే జత ఉంటుంది. రెండు చోట్లా ఒకటే ఉండాలి, అంతే సూత్రం.

ఇక రెజల్యూషన్. విండోస్‌లో విండోస్ కీ, పీ కలిపి నొక్కితే వచ్చే వాటిలో అందరూ డూప్లికేట్ పెడతారు. అప్పుడు రెండు తెరలకీ ఒకటే రెజల్యూషన్ పోతుంది. లాప్‌టాప్ 1366 × 768 అయితే మీ 1920 × 1080 ప్రొజెక్టర్‌కీ అదే పోతుంది, అక్షరాలు నానిపోయినట్టు కనిపిస్తాయి. ఎక్స్‌టెండ్ గానీ, సెకండ్ స్క్రీన్ ఓన్లీ గానీ పెట్టి, ప్రొజెక్టర్‌కి దాని సొంత రెజల్యూషన్ ఇవ్వండి. సొంత రెజల్యూషన్ అంటే మాన్యువల్‌లో నేటివ్ అని రాసేది. సపోర్టెడ్ 1080 పీ అని రాసి నేటివ్ 1280 × 720 ఉన్నవి బోలెడు. సపోర్ట్ అంటే తీసుకుని కుదించుకుంటుందని మాత్రమే.

టాస్క్‌బార్ సగం కోసుకుపోతుంటే ఓవర్‌స్కాన్ ఆఫ్ చేయండి. మనుషులు సన్నగా సాగినట్టో, బండగా పరుచుకున్నట్టో ఉంటే ఆస్పెక్ట్‌ని ఆటోకి గానీ, ఒరిజినల్‌కి గానీ మార్చండి.

సినిమాలు ప్లే చేసే పరికరం హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా ఎక్కువగా ఉండే వీడియో రకం) పంపుతోందేమో కూడా చూడండి. ప్రొజెక్టర్ల వెలుగు టీవీలతో పోలిస్తే చాలా తక్కువ. హెచ్‌డీఆర్‌ని ఆ కొద్ది వెలుగులో సర్దలేక బొమ్మంతా చీకటిగా, రంగు లేకుండా చూపే మోడళ్లు చాలా ఉన్నాయి. మీది అలాగే ఉంటే ప్లేయర్‌లో హెచ్‌డీఆర్ ఆపేయడమే మేలు.

ఇప్పుడు మెనూ

మొదట పిక్చర్ సెట్టింగ్స్ అన్నీ రీసెట్ చేయండి. తర్వాత మోడ్ ఎంచుకోండి. డైనమిక్, వివిడ్, బ్రైట్ లాంటి మోడ్‌లో వెలుగు బాగా ఎక్కువగా ఉంటుంది, కానీ ముఖాలు పచ్చబారతాయి. ప్రొజెక్టర్ ల్యాంపు నుంచి సహజంగానే ఆకుపచ్చ ఎక్కువ వస్తుంది. రంగులు సమంగా రావాలంటే ఆ ఎక్కువని కోసేయాలి, కోస్తే వెలుగు తగ్గుతుంది. ఆ మోడ్‌లు కోయకుండా వదిలేస్తాయి. సినిమా మోడ్ కోస్తుంది. కాబట్టి రాత్రికి సినిమా మోడ్, పగటి క్లాసుకి ప్రెజెంటేషన్ మోడ్. కలర్ టెంపరేచర్ 6500 దగ్గర, లేదా వార్మ్ అని ఉన్నచోట పెట్టండి. మొదటి పది నిమిషాలు కాస్త పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక ఇదే సహజమని తెలుస్తుంది.

బ్రైట్‌నెస్ అన్న పేరు చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. అది వెలుగుని పెంచేది కాదు, నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించేది. ఎక్కువ పెడితే నలుపు బూడిద అవుతుంది. తెలుపు ఎక్కడిదాకా పోవాలో నిర్ణయించేది కాంట్రాస్ట్. ఇవి సరిచూసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక స్లైడు తయారుచేసుకోండి. నల్లటి స్లైడు మీద ఆరు పట్టీలు గీసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విలువలూ మొదటి పట్టీకి 4, తర్వాత 8, 12, 16, 20, 24 ఇవ్వండి. ఇంకో తెల్లటి స్లైడు మీద 250, 245, 240, 235, 230 పట్టీలు గీయండి.

చీకట్లో మొదటి స్లైడు పెట్టి, బ్రైట్‌నెస్‌ని అన్ని పట్టీలూ మాయమయ్యేదాకా తగ్గించండి. తర్వాత ఒక్కో మెట్టూ పెంచుతూ రండి. 12 పట్టీ స్పష్టంగా, 8 పట్టీ లీలగా తెలుస్తూ, స్లైడు నేపథ్యం మాత్రం ఇంకా తేటపడని చోట ఆపండి. రెండో స్లైడు పెట్టి కాంట్రాస్ట్‌ని 245 పట్టీ తెలుపులో కలిసిపోకుండా ఉండేంతవరకే పెంచండి. ఒకటి మారిస్తే రెండోది కొంచెం కదులుతుంది కాబట్టి రెండుసార్లు అటూ ఇటూ తిరగాలి. పగటికి వేరేగా, ఆ వెలుతురులోనే ఇదే పని చేయండి. అప్పుడు 12, 16 పట్టీలు కనపడకపోయినా బాధపడకండి, వాటికోసం బ్రైట్‌నెస్ తోసేస్తే మొత్తం పాడవుతుంది. దానికి బదులు గామా మార్చండి. చీకటి గదికి 2.4, మామూలు గదికి 2.2, వెలుతురు ఉన్న గదికి 2.0 చుట్టుపక్కల. అంకె తగ్గే కొద్దీ మధ్యస్థాయి ఛాయలు పైకి తేలతాయి, పగటిపూట ఫొటోలు, పటాలు బాగా తెలుస్తాయి.

షార్ప్‌నెస్ తెలుగు అక్షరాల స్లైడు పెట్టి చూడండి. నల్లటి అక్షరం చుట్టూ తెల్లటి నీడ పడుతుంటే అది పోయేదాకా తగ్గించండి. షార్ప్‌నెస్ వివరం తేదు, అంచులకి గీత గీస్తుంది. కలర్ సంగతి రీసెట్ చేసిన చోటే ఉంచితే చాలాసార్లు సరిగ్గా ఉంటుంది. సరిచూడాలంటే మనిషి ముఖం చూడండి. చెంపలు ఎర్రగా కందిపోయినట్టు ఉంటే రెండు మెట్లు దించండి. గోడ మీదే బొమ్మ వేస్తున్నట్టయితే గోడ రంగు ప్రతి బొమ్మలోనూ కలుస్తుంది. లేత పసుపు గోడ మీద తెలుపు ఎప్పటికీ తెలుపు కాదు. మెరుపు లేని తెల్ల రంగు వేసుకోవడం మెనూలో గంటసేపు కుస్తీ పట్టడం కన్నా నయం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సినిమా సీరియల్‌లా నున్నగా జారుతున్నట్టు అనిపిస్తే ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్ ఆఫ్ చేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అది మధ్యలో లేని ఫ్రేములు పుట్టిస్తుంది. సన్నివేశం మారినప్పుడల్లా వెలుగు నెమ్మదిగా పెరిగి తగ్గడం మీ కంటికి తెలుస్తుంటే ఆటో ఐరిస్ ఆపండి. నాయిస్ రిడక్షన్ మంచి ఫైళ్లకి అక్కర్లేదు.

సౌండ్

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇది. బొమ్మ కొంచెం పలచగా ఉన్నా క్లాసు నడుస్తుంది, మాట అర్థం కాకపోతే నడవదు.

సంగీతం హోరుగా వచ్చి సంభాషణలు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటే మొదట చూడాల్సింది ఛానెళ్లు. సినిమా ఫైళ్లలో చాలావాటిలో 5.1 సౌండ్ (ఐదు స్పీకర్లకీ, ఒక బేస్ స్పీకర్‌కీ విడివిడి ఛానెళ్లు) ఉంటుంది. అందులో సంభాషణలు చాలామటుకు మధ్య ఛానెల్‌లో ఉంటాయి. లాప్‌టాప్ 5.1 పంపుతూ, అవతల ఉన్నవి రెండు స్పీకర్లే అయితే ఎడమ కుడి మాత్రమే వినిపిస్తాయి, మధ్యది గాల్లో కలిసిపోతుంది. పాటలు మాత్రం ఎడమ కుడి ఛానెళ్లలో బాగా ఉంటాయి కాబట్టి లోపం తెలియదు. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ పరికరాన్ని స్టీరియోకి మార్చండి. ప్లేయర్‌లో కూడా ఆడియోని స్టీరియో చేయండి. స్ట్రీమింగ్ పరికరం అయితే పీసీఎం లేదా స్టీరియో అని ఉన్నది ఎంచుకోండి. అసలు సౌండే రాకపోతే కూడా ఇదే మందు పనిచేస్తుంది. బిట్‌స్ట్రీమ్ పెట్టి, అంటే సౌండుని విప్పకుండా డాల్బీ, డీటీఎస్ రూపంలోనే పంపితే చాలా ప్రొజెక్టర్లు దాన్ని విప్పలేక మౌనంగా ఉంటాయి. పాత వీజీఏ కేబుల్ వాడుతుంటే అది సౌండ్ మోయదు, విడిగా తీగ వేయాలి.

ప్రొజెక్టర్ లోపలి స్పీకరుని సినిమాకి నమ్ముకోకండి. చిన్నది కావడం ఒక లోపం. అది మీ వెనకో నెత్తినో ఉండటం ఇంకా పెద్ద లోపం. తెర మీద మనిషి మాట్లాడుతుంటే గొంతు వెనక నుంచి వస్తుంది, దాని పక్కనే ఫ్యాను చప్పుడు. స్పీకర్లని తెరకి రెండు పక్కలా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకి కొంచెం పైన, వాళ్ల వైపు తిప్పి పెట్టండి. ప్రొజెక్టర్ 3.5 మిల్లీమీటర్ల ఆడియో అవుట్ నుంచి తీగ లాగడం అన్నిటికంటే సులువు. లాప్‌టాప్ వాల్యూమ్ 80 శాతం దగ్గర ఉంచి, హెచ్చుతగ్గులు స్పీకర్ దగ్గర చేయండి. మాట తేటగా రావాలంటే బేస్ పెంచకండి, తగ్గించండి. క్లాసులో మైకు వాడితే మాట్లాడేవారు స్పీకర్లకి వెనకగా నిలబడాలి. మైకు స్పీకరు ఎదురుకి వస్తే కూత పెడుతుంది. ఖాళీ గోడల గదిలో ప్రతిధ్వని మాటని మింగేస్తుంది. కిటికీలకి వేసిన మందపాటి తెరలు వెలుతురుతో పాటు దీన్నీ తగ్గిస్తాయి.

పెదాలకి మాట కలవకపోవడం రెండు రకాలు, ఏది మీదో ముందు తేల్చుకోండి. మనిషి చప్పట్లు కొట్టే వీడియో పెట్టండి. చేతులు కలిశాక చప్పుడు వస్తే సౌండ్ ఆలస్యం. చేతులు కలవకముందే వస్తే బొమ్మ ఆలస్యం. బ్లూటూత్‌తో మొదటిదే జరుగుతుంది. సౌండుని కుదించి, పంపి, విప్పేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. దీనికి నేనిచ్చే జవాబు తీగ. తీగ వేయడం కుదరకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో జె నొక్కిన ప్రతిసారీ సౌండు 50 మిల్లీసెకన్లు ముందుకి వస్తుంది, కె నొక్కితే వెనక్కి పోతుంది. ఆన్‌లైన్ వీడియోలకి ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు.

సౌండుని లాప్‌టాప్ నుంచే తీగతో స్పీకర్లకి ఇస్తే ఒక్కోసారి రెండో రకం ఎదురవుతుంది, ఎందుకంటే ప్రొజెక్టర్ బొమ్మని సవరించడానికి కొంత సమయం తీసుకుంటుంది. అప్పుడు స్పీకర్‌లోనో ప్లేయర్‌లోనో ఆడియో డిలే పెంచండి, లేదా ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్, ఫాస్ట్ మోడ్ లాంటిది పెట్టండి. సౌండ్ ముందు రావడాన్ని మనిషి త్వరగా పసిగడతాడు, 45 మిల్లీసెకన్లకే. వెనక వస్తే 125 దాకా చాలామంది గమనించరు. మెరుపు చూశాకే ఉరుము వింటాం కాబట్టి ఆలస్యానికి మన చెవి అలవాటు పడి ఉంది. కాబట్టి అనుమానంగా ఉంటే సౌండుని ఒక మెట్టు ఆలస్యంగానే వదలండి.

ఫ్యాను, ల్యాంపు

సినిమాకి ఎకో మోడ్ పెట్టండి. వెలుగు కొంచెం తగ్గినా చీకట్లో తెలియదు, ఫ్యాను చప్పుడు బాగా తగ్గుతుంది, ల్యాంపు ఎక్కువకాలం వస్తుంది. ఫ్యాను ఎప్పుడూ హోరున తిరుగుతుంటే హై ఆల్టిట్యూడ్ మోడ్ ఎవరైనా ఆన్ చేశారేమో చూడండి. అది సుమారు 1500 మీటర్ల ఎత్తు దాటిన కొండ ప్రాంతాలకి ఉద్దేశించింది. కింద ఉన్నవాళ్లకి అనవసరం. గాలి పోయే రంధ్రాల ముందు ఓ అడుగైనా ఖాళీ ఉంచి, దుమ్ము ఫిల్టర్ ఉంటే తీసి శుభ్రం చేస్తుండండి. ల్యాంపు రకం అయితే ఆఫ్ నొక్కాక ఫ్యాను ఆగేదాకా ప్లగ్ పీకకండి.

ల్యాంపు జీవితం ఇన్ని గంటలు అని రాస్తారు చూడండి, అది మాడిపోయే సమయం కాదు, వెలుగు సగానికి పడిపోయే సమయం. కాబట్టి ఇవాళ పెట్టిన సెట్టింగ్స్ శాశ్వతం అనుకోకండి. ఏడాదికోసారి, ల్యాంపు మార్చినప్పుడల్లా, ఆ రెండు స్లైడులూ తీసి మళ్లీ చూసుకోవాలి.

పగటి సెట్టింగ్స్‌ని ఒక మెమరీలో, రాత్రివి ఇంకో మెమరీలో దాచుకోండి. యూజర్ 1, యూజర్ 2 అని ఉంటాయి. కొన్ని మోడళ్లు ప్రతి ఇన్‌పుట్‌కీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి, కాబట్టి హెచ్‌డీఎంఐ 1లో చేసింది 2లో కనపడకపోతే కంగారు పడకండి, అక్కడ కూడా ఒకసారి చేయండి.

ప్రొజెక్టర్‌ని తెరకి ఎదురుగా నిటారుగా పెట్టి, టేపుతో కొలిచాక కూడా ఆ ఒక్క పక్కే మసకగా ఉంటే, మోడల్ పేరు, తెర వెడల్పు, లెన్సు నుంచి తెరకి దూరం, కీస్టోన్ సున్నాలో తీసిన ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. లెన్సు లోపలే ఒరిగి ఉందా, లేదా అన్నది ఆ ఫొటో చూస్తే చెప్పొచ్చు. వారంటీ ఉన్నప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి అది.